గొట్టంలో చుట్టరికం

పుట్టినరోజు కానుక విప్పగానే అమ్మ మొహం మాడ్చుకుంది.

"ఇదేంటే, మందు సీసానా?"

"కాదమ్మా, డీఎన్ఏ టెస్టు. ఈ గొట్టంలో ఉమ్మి పంపితే మన మూలాలెక్కడివో చెప్తారు."

"అరవై ఏళ్లొచ్చాక కూర్చుని ఉమ్ముకోమని కానుకా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

నాన్న పడీపడీ నవ్వాడు.

కూతురిది కళ్లద్దాల షాపు. ఫ్రేము ఎంచినట్టే ఈ పెట్టెనూ వారం రోజులపాటు ఎంచింది. మిగతావి ఏ ప్రాంతపు రక్తమో చెప్పి ఊరుకుంటాయి. ఇదైతే, అదే పరీక్ష చేయించుకున్నవాళ్లలో రక్తసంబంధీకులుంటే పేర్లతో సహా చూపిస్తుంది. అమ్మ అనాథాశ్రమంలో పెరిగింది. ఈ పుట్టినరోజు కూడా ఆశ్రమం వాళ్లు అంచనాగా రాసిన తేదీయే. "నాకెవరున్నారే?" అన్న మాట వింటూ పెరిగిన కూతురికి, ఒక్కరైనా దొరక్కపోతారా అని ఆశ.

నాన్న అలుగుతాడని ఆయనకూ ఒకటి తెచ్చింది.

"షరతు ఒక్కటే. ఉమ్మే ముందు అరగంటసేపు ఏమీ తినకూడదు, మంచినీళ్లు కూడా తాగకూడదు."

నాన్న నవ్వు ఆగిపోయింది. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. బస్సు డీజిలు మీద నడిస్తే ఆయన టీ మీద నడిచేవాడు. రిటైరైనా ఫ్లాస్కు మాత్రం చంక దిగలేదు.

మర్నాడు పొద్దున్నే ప్లంబరు వచ్చాడు. వంటింటి కుళాయి మూడు రోజులుగా కారుతోంది.

"అక్కా, ఆ గిన్నెలు కాస్త జరుపుతారా?"

"అక్కా గిక్కా ఏంటి? నాకు తమ్ముళ్లెవరూ లేరు. మేడమ్ అను."

"అలాగే మేడమ్ గారూ." జుట్టు నెరిసిన మనిషి, నవ్వుతూ సింకు కింద దూరాడు. మాట మాత్రం ఆగలేదు. "నాకూ ఎవరూ లేరు లెండి. ఓ తాపీమేస్త్రీ చేరదీసి పెంచాడు. ఎవరూ లేరు కాబట్టే కనబడినవాళ్లందరినీ అక్కా, బావా అంటుంటాను. పిలిస్తే పోయేదేముంది?"

"నోరు కాదు, చెయ్యి ఆడించు."

"ఆడిస్తున్నానండీ. చుక్క చప్పుడు వింటే నాకూ నిద్ర పట్టదు."

అమ్మకీ అంతే. ఆ మాట మాత్రం పైకి అనలేదు, చనువిస్తే నెత్తికెక్కుతాడని.

బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్తూ నాన్నని హెచ్చరించింది. "పదకొండింటికి కొరియర్ అతను వస్తాడు. నాది సిద్ధం. మీ గొట్టం ఈలోగా నిండాలి."

"నిండుతుందిలేవే" అన్నాడు నాన్న, ఫ్లాస్కు మూత బిగిస్తూ.

ఆవిడ దిగొచ్చేసరికి గొట్టం నిండింది. మగాళ్లిద్దరూ వంటింట్లో తోడుదొంగల్లా నవ్వుకుంటున్నారు.

"ఏంటా ఇకఇకలు? పని అయిందా?"

"అయింది మేడమ్ గారూ. ఇక చుక్క కారితే నా పేరు మార్చుకుంటాను." చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో ఒక్క క్షణం నిలబడ్డాడు.

"సరే మరి" అని అమ్మ తలుపు వేసేసింది.

నెలన్నర తర్వాత ఫలితాలొచ్చాయి. కూతురు ల్యాప్‌టాప్ తెరిచింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. కళ్లద్దాలు అమ్మే మనిషి తన కళ్లని తానే నమ్మలేకపోయింది.

"అమ్మా... నీకు తోడబుట్టినవాడున్నాడు."

అమ్మ కుర్చీ తడుముకుని కూర్చుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఎదురుచూసిన మాట. "ఎవరే? ఎక్కడున్నాడు? బతికే ఉన్నాడా?"

"బతికే ఉన్నాడు. నీ పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు."

పేరు నాన్నదే. ఇద్దరూ ఒకే తల్లిదండ్రుల పిల్లలని రాసి ఉంది.

"అయ్యో అయ్యో! ముప్పై అయిదేళ్ల కాపురం!" అమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"అయితే నేను నీకు కూతుర్నా, మేనకోడల్నా?" అంది కూతురు, నవ్వాలో ఏడవాలో తెలియక.

నాన్న గ్లాసు కింద పెట్టాడు. సగం టీ ఉండగా ఆయన గ్లాసు దించడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"తిట్టనంటే ఒకటి చెప్తాను."

"ముందు చెప్పండి!"

"ఆ రోజు అరగంట ఆగలేకపోయానే. మూడుసార్లు మొదలెట్టాను, మూడుసార్లూ టీ తాగేశాను. కొరియర్ వచ్చే వేళయింది, నువ్వేమో మెట్లు దిగుతున్నావు... ఆ గొట్టంలో ఉమ్మింది నేను కాదు."

"మరెవరు?"

నాన్న వంటింటి కుళాయి వైపు చూపించాడు. నెలన్నరగా అది ఒక్క చుక్క కారలేదు.

"అడగ్గానే 'బావగారికి ఆ మాత్రం సాయం చెయ్యలేనా' అన్నాడు. పొద్దుట్నుంచీ మనింట్లో అతనికి ఎవరూ గుక్కెడు నీళ్లయినా ఇవ్వలేదు కదా. షరతుకి సరిగ్గా సరిపోయాడు."

అమ్మకి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. రెండు గంటలు తన వంటింట్లో ఉన్నాడు. కూర్చోమనలేదు, నీళ్లివ్వలేదు, వరస కలిపి పిలిస్తే వద్దంది. సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఫోనులో 'కుళాయి' అని రాసుకున్న నంబరు వెతికి నొక్కింది.

"చెప్పండి మేడమ్ గారూ! మళ్లీ కారుతోందా?"

"కుళాయి బాగానే ఉంది" అంది అమ్మ. "నువ్వు ముందు ఆ మేడమ్ అనడం మానెయ్. ఆ రోజు వంటింట్లోకి రాగానే నన్నేమని పిలిచావో, అలాగే పిలువు తమ్ముడూ."