పక్కింటికి పారిపోతున్న నెట్టు

పక్కింటి గణపతిగారు తన ఇంటర్నెట్ దొంగిలిస్తున్నారని మాణిక్యాలరావుగారికి రూఢి అయిపోయింది. ఇక పదిమందిలో పట్టుకోవడమే తరువాయి.

అది రెండువేల తొమ్మిదో సంవత్సరం. అమలాపురంలో ఆ వీధికంతటికీ మొదట వైర్‌లెస్ ఇంటర్నెట్ పెట్టించుకున్నది మాణిక్యాలరావుగారే. కేబుల్ ఆఫీసు సాలమోను పొద్దున్న తొమ్మిదింటికి ఈయన ఇంట్లో పెట్టె బిగించి, పదకొండింటికి గణపతిగారింట్లో అలాంటిదే ఇంకోటి బిగించాడు. ఆ రెండు గంటల తేడాని ఈయన ఎవర్నీ మరిచిపోనిచ్చేవారు కాదు.

"పాస్‌వర్డ్ పెట్టమంటారాండీ?" అని సాలమోను అడిగాడు.

"మన వీధిలో దొంగలెవరయ్యా? అక్కర్లేదు."

"ఆయ్. గణపతిగారూ అక్కర్లేదనే అన్నారండి" అని చెప్పి సాలమోను వెళ్ళిపోయాడు.

మాణిక్యాలరావుగారి భార్య బుల్లెమ్మగారు ఆ పెట్టెకి సాయంత్రానికల్లా కుచ్చుల గుడ్డ కుట్టి తొడిగేశారు. ఆ ఇంట్లో టీవీకీ, మిక్సీకీ, టెలిఫోనుకీ కూడా అలాంటి గుడ్డలే ఉన్నాయి. దుమ్ము పడితే ఆవిడ ఊరుకోరు.

మర్నాటి నుంచి మాణిక్యాలరావుగారి దశ తిరిగింది. ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. పొద్దున్నే లాప్‌టాప్ ముందేసుకుని, కేరళలో ధర ఎంతుందో చూసుకుని, టీకొట్టుకి వెళ్ళి చెప్పేవారు. వ్యాపారులంతా బల్లమీద జరిగి చోటిచ్చేవారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ టీకొట్టులో నిలబడే తాగిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ సాయంత్రమయ్యేసరికి నెట్టు నత్తనడక నడిచేది. సరిగ్గా గణపతిగారమ్మాయి ప్రియాంక కాలేజీ నుంచి వచ్చే వేళకే! ఆ ఇంట్లోంచి పాటలు వినిపిస్తుంటే ఇక్కడ ఒక్క బొమ్మా కదిలేది కాదు. మాణిక్యాలరావుగారి కడుపు మండిపోయింది.

"పాస్‌వర్డ్ పెట్టించుకోకూడదాండీ?" అన్నారు బుల్లెమ్మగారు.

"నేనెందుకు పెట్టించుకోవాలి? వాళ్ళు బుద్ధి తెచ్చుకోవాలి గానీ!"

కొబ్బరి గోదాములోంచి ఎనిమిది రేకులు తెప్పించి, గణపతిగారి వైపు గోడ పొడుగునా దగ్గరుండి కొట్టించారు. ఆ దెబ్బతో ఇంట్లోకి గాలి రావడం మానేసింది, నెట్టూ సగానికి సగం పడిపోయింది.

"చూసేవా? అడ్డం పెట్టేనని కసికొద్దీ ఇంకా ఎక్కువ లాగేస్తున్నారు!" అని ఆయన భార్యమీద ఎగిరారు. బుల్లెమ్మగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆ తరవాతి వారం గణపతిగారు మెయిను ఆపేసి, ఇంటికి తాళం వేసి, పెళ్ళాంపిల్లల్ని తీసుకుని నాలుగు రోజులు అంతర్వేదికి వెళ్ళారు. వాళ్ళ ఆటో వీధి మలుపు తిరిగిందో లేదో, మాణిక్యాలరావుగారింట్లో నెట్టు పూర్తిగా పోయింది.

ఆయన కుర్చీలో కూలబడిపోయారు. ఇంత బరితెగింపా? ఉన్నదంతా మూటగట్టుకుని పట్టుకుపోయారు!

ఆ నాలుగు రోజులూ టీకొట్టులో నోటికొచ్చిన ధర చెప్పవలసి వచ్చింది. ఆ మాట నమ్మి ఆ వ్యాపారుల్లో సత్తిబాబు రెండు లారీల కాయ ఆపుకుని నిలువునా మునిగాడు. మర్నాడు బల్లమీద ఎవరూ జరగలేదు. మాణిక్యాలరావుగారు మళ్ళీ నిలబడే టీ తాగారు.

గణపతిగారు తిరిగొచ్చి తాళం తీసిన అరగంటకి నెట్టు కూడా తిరిగొచ్చింది. ఇంకేం రుజువు కావాలి? తిన్నగా పోలీసు స్టేషనుకి నడిచారు.

హెడ్డు కానిస్టేబుల్ సింహాద్రి కాగితం ముందుకు లాక్కున్నాడు. "పోయిన సొత్తు ఎలాగుంటదండీ?"

"కనపడదు."

"బరువు?"

"ఉండదు."

"మరి దేంట్లో పెట్టుకు పట్టుకెళ్ళేరంటారు?"

"అది తేల్చడానికే కదా మీ దగ్గరకొచ్చేను!"

"ఆయ్" అని సింహాద్రి మర్యాదగా రాసుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే వచ్చాడు. వీధంతా గుమిగూడింది. టీకొట్టు వ్యాపారులు పనులు మానుకుని మరీ వచ్చారు. గణపతిగారు తన కంప్యూటర్ని అరుగుమీదికి తెచ్చి పెట్టి, దాని పక్కన ముద్దాయిలా నిలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఇరవై ఏళ్ళ నుంచీ పక్కపక్కనే ఉన్నాం. నేను మీ సొమ్ముకి ఆశపడేవాణ్ణాండీ?"

మాణిక్యాలరావుగారి మనసు ఒక్క క్షణం చివుక్కుమంది. కానీ టీకొట్టు బల్ల గుర్తొచ్చి మొహం గట్టిగా పెట్టుకున్నారు. "దొంగ ఎవరో తేలాక తప్పు ఒప్పుకుని, అందరి ముందూ లెంపలు వేసుకోవాలి. అంతవరకూ నేను ఒప్పుకోను" అని ప్రకటించారు. బాగుంది బాగుందన్నారు జనం.

సింహాద్రి మీసం దువ్వుకున్నాడు. "ఇందులో పెద్ద చిక్కేం లేదండి. రావుగారూ, మీ పెట్టె ఆపించండి. వారి కంప్యూటర్లో నెట్టు ఆగిపోయిందా, దొంగ దొరికినట్టే. ఆగలేదా, వారిది వారిదే."

జనమంతా గణపతిగారి కంప్యూటర్ వైపు మెడలు సాచారు. మాణిక్యాలరావుగారు విజయగర్వంతో ఇంట్లోకి కేకేశారు.

"బుల్లెమ్మా! మన నెట్టు పెట్టె స్విచ్చి ఆపెయ్!"

బుల్లెమ్మగారు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, ఇంతమందిని చూసి కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "ఆపడానికి దాన్నెప్పుడు వేసేమండీ? మూఢంలో కొత్త వస్తువు మొదలెట్టకూడదని సాలమోను అటు వెళ్ళగానే నేనే స్విచ్చి కట్టేసేను, వచ్చే బుధవారం మంచిదిట, అప్పుడు కొబ్బరికాయ కొట్టి వేద్దాం" అన్నారు.