తొమ్మిది గుండుసూదులు

"తాతగారూ, మళ్లీ మీరేనా!"

మ్యాపు ముందు నిలబడ్డ పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. వేళ్ల మధ్య పచ్చ గుండుసూది.

నడిబజారు వీధి మ్యాపును అట్టకు అతికించి, మున్సిపల్ ఆఫీసు వరండాలో వేలాడదీసింది ఆయన్ని అలా పిలిచిన అమ్మాయే, ఆ ఆఫీసులో వీధుల ప్లాన్లు గీసే ఉద్యోగి. ఆ వీధిని బాగుచేయడం ఆమె చేతికొచ్చిన మొదటి పని. బెంచీ కావలసినచోట పచ్చ సూది, దీపం కావలసినచోట పసుపు సూది గుచ్చి వెళ్లమని ఊరందరినీ పిలిచింది.

కింద పెద్ద అక్షరాలతో 'ఒకరికి ఒక్క సూదే' అని కూడా రాసింది.

ఆఫీసులో ఆమెను స్కేలమ్మ అంటారు. చేతిలో స్కేలు లేకుండా చూసినవాళ్లు లేరు. రూల్సు విషయంలోనూ అంతే, వెంట్రుకవాసి పక్కకు జరగదు.

"చదవడం వచ్చా తాతగారూ?"

"వచ్చు తల్లీ. దానితోనే బతికాను."

"మరి అందరూ పసుపువే గుచ్చితే, పచ్చవి తొమ్మిదీ మీరే గుచ్చారేం?"

"అవి నావి కావమ్మా, అసలు..."

"మీవి కాకపోతే గోడవా?"

పక్కన గుమస్తాలు కిసుక్కున నవ్వారు. పెద్దాయనా నవ్వేశాడు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీయబోయి, ఎందుకో మళ్లీ లోపలే పెట్టుకున్నాడు.

"పోనీ ఒక్క మాట. తాళాల కొట్టు పక్కన మెట్లు రెండు గీశారు. మూడుండాలి."

"కొలిచింది నేను!"

ఆ సాయంత్రం ఒక్కటి ఉంచి ఎనిమిది సూదులు పీకేసింది. ఇంటికి వెళ్తూ తాళాల కొట్టు దగ్గర ఆగి చూసింది. మెట్లు మూడే. ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే తొమ్మిదీ మళ్లీ ప్రత్యక్షం, అవే చిల్లుల్లో.

ఆమె పీకడం, ఆయన గుచ్చడం. వారమంతా అదే తంతు. ఇంట్లో పొద్దుపోక వరండాలో ఫ్యాను గాలికి వచ్చే మనిషని ఆమె తేల్చేసుకుంది.

సూదులు గుచ్చే గడువు చివరి రోజు చైర్మన్ గంట ముందే వచ్చి అట్టను చంకన పెట్టుకుని మీటింగుకి వెళ్లిపోయాడు. సూదులు పీకే వ్యవధి లేకపోయింది.

"తొమ్మిది బెంచీలా?" చైర్మన్ కళ్లజోడు సవరించుకున్నాడు. "తాళాల కొట్టు ముందొకటి, ఇస్త్రీ కొట్టు ముందొకటి! అక్కడెవరు కూర్చుంటారమ్మా?"

"జనమే గుచ్చారు సార్," అనేసింది.

అని, తేలు కుట్టిన దొంగలా తలొంచుకుంది.

"సరే, వేయిద్దాం. నెల చూస్తాం. ఖాళీగా ఉంటే పీకించి బండ్ల పార్కింగుకి ఇచ్చేస్తాం. తర్వాతి వీధి ఇంకెవరైనా గీస్తారు."

మూడు నెలల్లో బెంచీలు వచ్చాయి. మొదటిరోజు పొద్దున్నే ఆమె వీధి మొదట్లో నిలబడింది. తొమ్మిదైంది. బెంచీలన్నీ ఖాళీ. ఒక ముసలాయన సరదాకి తన మొదటి పని కాస్తా గంగలో కలిసిందనుకుంది.

అప్పుడు తాళాల కొట్టు పక్క మెట్ల మీద అలికిడైంది.

ఒక ముసలావిడ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, బెంచీ మీద కూలబడింది.

"పన్నెండు!" అంది సంబరంగా. "సరిగ్గా పన్నెండే!"

"ఏంటి బామ్మగారూ, పన్నెండు?"

"నా మోకాళ్లు పన్నెండు అడుగులే వేస్తాయమ్మా. ఆపైన మొరాయిస్తాయి. రెండేళ్లయింది కిందికి దిగి. మొన్నామధ్య ఆ పెద్దాయన ఇంటికొచ్చి, ఎంత దూరం నడవగలవని అడిగి, బుక్కులో రాసుకుని మరీ వెళ్లాడు."

ఇస్త్రీ కొట్టు మేడ మీదనుంచి ఆయాసం మనిషొకడు దిగి రెండో బెంచీ మీద కూర్చున్నాడు. పైకి చూసి చెయ్యి ఊపాడు. ఎదురు మేడ తలుపు తెరుచుకుంది. పదింటికల్లా తొమ్మిది బెంచీల మీదా తొమ్మిది మంది. ఈ చివరినుంచి ఆ చివరకు కేకలేసి పలకరించుకుంటున్నారు. చూడటానికి వచ్చిన చైర్మన్ కూర్చునే చోటులేక నిలబడే నవ్వుతున్నాడు.

ఆమెకూ నవ్వొచ్చింది, వెంటే కళ్లలో నీళ్లొచ్చాయి. రూలు తప్పింది ఆయన కాదు. ఒకరికి ఒక్కటే గుచ్చాడు. అందులో ఆయనది మాత్రం లేదు.

"ఆయన ఇల్లెక్కడ బామ్మగారూ? నోటికొచ్చినట్టు అన్నాను. క్షమించమని అడగాలి."

"పోయిన నెలే దూరాన ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయాడమ్మా. హాయిగా ఉన్నాడట."

"అడ్రసివ్వండి. ఉత్తరం రాస్తాను."

ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"తప్పకుండా రాయి తల్లీ. ముప్పై ఏళ్లు ఈ మెట్లన్నీ ఎక్కి మా ఉత్తరాలు మా చేతికే ఇచ్చిన పోస్ట్‌మేన్ ఆయన. ఆయనకో ఉత్తరం రాసిన పాపాన మాలో ఒక్కరమూ పోలేదు."