తుడుపు వంతు

కొత్త బూట్లు వెర్నా మడమలను కరుస్తున్నాయి. పది నిమిషాలుగా ఆమె రైతు సంఘం హాలు బయటే నిలబడి ఉంది. లోపలికి పోవాలని లేదు. వెనక్కి తిరిగితే మళ్లీ ధైర్యం రాదు.

హంబోల్ట్ కొండల్లో మార్చి నెలలో శుభ్రమైన బూట్లతో తిరిగేవాళ్లు ఇద్దరే. ఒకరు పన్నుల ఆఫీసరు, రెండోవాడు దారి తప్పిన టూరిస్టు. గంజాయి రైతు కాలికి మాత్రం తోట బురద ఉండి తీరాలి. ఎవరైనా తన కాళ్లవైపు చూస్తే కొంప మునుగుతుంది. వెర్నా ప్యాంటు అంచులు కిందికి లాక్కుని, కంకర వాకిలి దాటి లోపలికి నడిచింది.

లోపల ఒకటే గోల. నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం ఈ లోయలోని గంజాయి రైతులంతా ఇక్కడ కలుస్తారు. తలా ఒక వంట తెస్తారు. ఒకప్పుడు పోలీసు హెలికాప్టరు చప్పుడు వింటే పొదల్లో దూరినవాళ్లే అందరూ. ఇప్పుడు సాగు చట్టబద్ధమయ్యాక లైసెన్సులు గోడకు తగిలించుకుని, ఏ ఎరువు ఎన్నాళ్లు మాగాలో, ఏ పురుగు మీదికి ఏ పురుగును వదలాలో ఒకరికొకరు పాఠాలు చెప్పుకుంటారు. పాఠాల కంటే గొప్పలే ఎక్కువ.

"ఏంటి వెర్నా, కుంటుతున్నావ్?" పక్క తోట ఓరిన్ అడిగాడు.

"ఎలుక బొరియలో కాలు పడింది."

"నాకూ మోకాలు పట్టేసింది. వయసు మీద పడుతోంది మరి!" అంటూ అతనూ కుంటుకుంటూ వెళ్లి కూర్చున్నాడు.

"ఈ నెల తుడుపు వంతు నీదే, గుర్తుందా?" అవతలి బల్ల నుంచి మార్గో అరిచింది. "పోయిన నెల నాది. మీ బూట్ల బురద కడగలేక నాలుగు బకెట్ల నీళ్లు మార్చాను తల్లీ!"

అందరూ నవ్వారు. వెర్నా బెంచీ కిందికి కాళ్లు ముడుచుకుంది. పళ్లెంలో బీన్సు కూర చల్లారిపోతోంది.

పది రోజుల కిందట ఆమె షెడ్డులో, నాటడానికి కొమ్మలు కత్తిరించే తల్లిమొక్కల ఆకులు వాలిపోయాయి. నీళ్లు చాలలేదేమో అనుకుంది. కాండం చీల్చి చూస్తే లోపల గోధుమరంగు చార. ఎండు తెగులు. దానికి మందు లేదు. మట్టిలో దూరిందంటే ఏళ్ల తరబడి పోదు. బూట్లకంటిన మట్టితోనే ఒక తోట నుంచి ఇంకో తోటకు పాకుతుంది. ఆ సాయంత్రమే పంతొమ్మిదేళ్ల పాత బూట్లను సంచిలో కట్టి పారేసింది. ఈ కొత్తవి తోట దాటి రోడ్డెక్కాక, కారులో తొడుక్కుంది. తన మట్టి రవ్వంత కూడా ఈ హాల్లో రాలకూడదు.

తెగులు తోట అని పేరు పడితే కొనేవాళ్లు గుమ్మం తొక్కరు. తల్లి చేతుల మీదుగా వచ్చిన తోట ఈ ఏటితో సరి. పోనీ నోరు మూసుకుందామంటే, వచ్చే శనివారం కొమ్మల మార్పిడి. ఎవరి మేలురకం కొమ్మలు వాళ్లు తెచ్చి పంచుకునే రోజు. ఈసారి అది వెర్నా తోటలోనే. పదిహేడు మంది ఆ మట్టి తొక్కి ఇళ్లకు పోతారు.

సంఘం పెద్ద డెల్బర్ట్ లేచాడు. "శనివారం మార్పిడి వెర్నా దగ్గర. ఎప్పుడూ అడిగేదే, ఇప్పుడూ అడుగుతున్నా. ఎవరి తోటలోనైనా తెగులుందా?"

"మా ఆకులు చూశావా? ఒక్కోటి విస్తరంత!" అన్నాడు ఓరిన్.

"మా మొక్కలకి జబ్బంటే ఏంటో కూడా తెలీదు," అంది మార్గో.

వెర్నా పళ్లెం పక్కకు జరిపింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

"నా తోటలో ఉంది. ఎండు తెగులు. శనివారం ఎవరూ రావద్దు."



"అయ్యో పాపం," ఓరిన్ గొణిగాడు. "ఇన్నేళ్లలో నేనైతే కళ్లతో చూసింది లేదు."

"కాస్త చూసుకోవాలి కదా వెర్నా," మార్గో అంది.

డెల్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. "సరే, మార్పిడి ఇంకెవరి తోటలో పెట్టుకుందాం?"

"మా దారి వానకి కొట్టుకుపోయింది," ఓరిన్ చటుక్కున అన్నాడు.

"మా కుక్క కరుస్తుంది," అంది మార్గో.

ఇంకొకరింటికి చుట్టాలు వస్తున్నారట. మరొకరికి గేటు తాళం పోయిందట.

"మీ తోటలోనే పెట్టండి పెద్దాయనా," వెనక నుంచి ఎవరో అన్నారు.

"నాకా? నాకు నడుం నొప్పి," అన్నాడు డెల్బర్ట్. "అయినా వెర్నా పరిస్థితి చూస్తున్నాం కదా. ఈ ఏడాదికి మార్పిడి వద్దులే."

అందరూ గబగబా తలలూపారు. గిన్నెలు సర్దుకున్నారు. ఎవరూ ఆమె భుజం తట్టలేదు, కళ్లలోకి చూడలేదు. కార్లు ఒకదాని వెనక ఒకటి కొండ దిగిపోయాయి.

వెర్నా ఒక్కతే మిగిలింది. ఎందుకు చెప్పినట్టు? నోటి దూల కాకపోతే! పదిహేడు మంది పచ్చటి తోటల మధ్య తనదొక్కటే పాడు తోట. ఏడుపు తన్నుకొచ్చింది. వంతు మాత్రం వంతే. బకెట్టు నింపి, గుడ్డకర్ర తీసుకుంది.

కసిగా తుడిచింది. బల్లల కింద, బెంచీల కింద, ఓరిన్ కూర్చున్నచోట, మార్గో కూర్చున్నచోట, డెల్బర్ట్ నిలబడిన చోట, గుమ్మం దాకా. చివరికి గుడ్డ పిండి, పారబోద్దామని బకెట్టు ఎత్తింది.

పదిహేడు జతల బూట్లు తొక్కిన హాలంతా తుడిచాక కూడా నీళ్లు తేటగానే ఉన్నాయి.