ఊపిరికి తాళం

కూతురు మందులు కొనుక్కొచ్చేసరికి అమ్మ మంచం పక్కన ఎవరో పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

వెంటిలేటర్ వెనక మూత ఊడదీసి ఉంది. దానికో వైరు, ఆ వైరు చివర అతని ల్యాప్‌టాప్.

ఆమె మందుల కవరు కింద పడేసి ముందుకొచ్చింది.

"ఎవరండీ మీరు? లోపలికెలా వచ్చారు?"

"పై వాటాలో కొత్తగా దిగానమ్మా. మెషిన్ ఒకటే మోగుతుంటే వచ్చాను. తలుపు తీసే ఉంది."

"మోగితే విప్పేస్తారా?"

"దీని లోపలి ప్రోగ్రామ్‌లో తప్పుంది. ఉండుండి ఊపిరి ఆపేస్తుంది. కంపెనీవాళ్లు ఎవర్నీ చూడనివ్వరు, వాళ్లూ సరిచెయ్యరు. సరిచేసిన ప్రోగ్రామ్ నేను ఎక్కించాను. ఇక భయం లేదు."

ఆమెకి భయం అప్పుడే మొదలైంది.

గొంతులో గొట్టంతో మాట రాని అమ్మ, వద్దు వద్దన్నట్టు చెయ్యి ఊపింది. అతన్నే వద్దంటోందనుకుంది కూతురు.

ఆమె కేకలకి ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు. పక్కింటాయన అతని చొక్కా పట్టుకుని గుమ్మంలోకి ఈడ్చాడు.

"పోలీసులకే అప్పజెప్పండి, వెళ్తాను. కంపెనీకి మాత్రం ఫోన్ చెయ్యకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే మరి! పక్కింటాయన అతన్ని పోలీస్ స్టేషన్‌కి లాక్కెళ్లగానే ఆమె కంపెనీకి ఫోన్ చేసింది.

"మంచిపని చేశారు మేడమ్," అంది అవతలి అమ్మాయి. "మా ప్రోగ్రామ్ ఇక్కడినుంచే మళ్లీ పంపిస్తున్నాం. బయటివాళ్లు ముట్టుకున్న మెషిన్ కాబట్టి, లాక్ పడుతుంది."

"లాకా? అంటే?"

తెర ఎర్రబడింది. మెషిన్ ఆగింది.

అమ్మ ఛాతీ లేవలేదు.

కూతురు ఆస్పత్రివాళ్లు ఇచ్చిన రబ్బరు సంచీని గొట్టానికి తగిలించి పిసకసాగింది. చెయ్యి ఆగితే అమ్మ ఆగిపోతుంది.

"అంబులెన్స్! ఎవరైనా అంబులెన్స్ పిలవండి!" అని అరిచి, స్పీకర్ పెట్టి మంచం మీద పడేసిన ఫోన్ వైపు వంగింది. "అమ్మాయ్, లాక్ తియ్యండి! మా అమ్మ పోతుంది!"

"మా చేతుల్లో లేదు మేడమ్. మా మనిషి రేపు వచ్చి చూస్తాడు."

"రేపా? ఇంకెవరూ తియ్యలేరా?"

అటువైపు గొంతు బాగా తగ్గింది.

"నేను చెప్పానని అనకండి. ఒక్కరే ఉన్నారు. ఈ ప్రోగ్రామ్ మొదట రాసిన పెద్దాయన. తాళం వెయ్యనని పోట్లాడి ఉద్యోగం మానేశారు."

"ఎక్కడుంటారు? చెప్పమ్మా, నీకు పుణ్యముంటుంది!"

"ఒకచోట ఉండరండీ... మా మెషిన్ ఉన్న ఇళ్లు వెతుక్కుని, ఆ పక్కనే అద్దెకు దిగి, ఒక్కో తాళం తీస్తూ తిరుగుతున్నారట."