గట్టు మీదుగా వచ్చిన మనిషి

"ఎవడ్రా అది, నా చెరువు గట్టు మీద?"

కుక్కుటేశ్వరరావు గారికి కోపమొస్తే ముందు నోరు లేస్తుంది, వెంటనే చెయ్యి. బుర్ర ఎప్పటికో గానీ లేవదు.

ఆ వారం మరీను. పక్క చెరువులో వైట్ స్పాట్ తెగులు తగిలి రొయ్యలన్నీ తెల్లమచ్చలతో చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఇంట్లో చూస్తే, డిగ్రీ చదివే ఒక్కగానొక్క కూతురు హరిచందన గది తలుపేసుకుని నెలైంది. ఎందుకో చెప్పదు. ఎవర్నీ లోపలికి రానివ్వదు.

గట్టు మీదున్న మనిషికి ముప్పయ్యేళ్లుంటాయి. మొహం, మెడ, చేతులు, ఎక్కడ చూసినా తెల్లమచ్చలే.

"బొల్లి వెధవా! ఈ మచ్చేరా పక్క చెరువుని ముంచింది! నా నీళ్లలో చెయ్యి పెట్టావా?"

"లేదండి. ఇది మనుషులకే అంటుకోదండి, రొయ్యలకేం అంటుతుంది? నేను మీ ఇంటికే..."

మాట పూర్తి కాకుండానే చెంప పేలింది.

"చిట్టియ్యా, పడవ గెడ ఇలా తే!"

పాలేరు చిట్టియ్య తెచ్చాడు. గెడ ఆ వచ్చిన మనిషి వీపు మీద విరిగింది. ముక్కు పగిలి చొక్కా అంతా నెత్తురు. జేబులోంచి జారిపడ్డ అతని ఫోన్ చెప్పు కింద నలిగింది.

"ఎవడు పంపాడ్రా నిన్ను?"

అతను చుట్టూ మూగిన పనివాళ్లను చూశాడు. కొబ్బరితోట వెనకున్న ఇంటి వైపు చూశాడు.

"నలుగురిలో చెప్పేది కాదండి. ఇంట్లో కూర్చుని మాట్లాడదాం."

"నా ఇంట్లో కూర్చుంటావా? బ్లీచింగ్ కొట్టండ్రా వీడి మీద!"

చెరువు కోసం తెచ్చిన బ్లీచింగ్ పౌడర్ దోసిళ్లతో కొట్టారు. పచ్చి గాయాల మీద పడింది. కళ్లలో పడింది.

"కనపడట్లేదండీ!" అని గిలగిల్లాడిపోయాడు. అంత బాధలోనూ ఎవరు పంపారో చెప్పలేదు, పాపం. ఆటోలో పడేసి భీమవరం తోలేశారు.

చేతులు కడుక్కుని ఇంటికొచ్చిన కుక్కుటేశ్వరరావు గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

గది తలుపు తీసి ఉంది! హరిచందన తలంటు పోసుకుని, హాల్లో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేస్తోంది. "నా తల్లే!" అనబోయి కూతురి చేతులు చూశారు.

మోచేతుల దాకా తెల్లమచ్చలు.

"చచ్చిపోదామనుకున్నాను నాన్నా. ఫోన్లో మచ్చల మాస్టారని ఒకాయన తన మచ్చలు చూపిస్తూ వీడియోలు పెడతారు. నెలరోజులుగా నాతో మాట్లాడి ఆయనే ఆపారు. నీకు చెప్పడానికి నోరు రావట్లేదంటే, తనే వచ్చి చెబుతానన్నారు."

ఆయన చేతులకి బ్లీచింగ్ వాసన ఇంకా పోలేదు.

"దగ్గరని గట్టు మీదుగా రమ్మన్నాను. మా నాన్న చాలా మంచోరండి, భయపడకండి అని కూడా చెప్పాను. ఇంకా రాలేదేంటి నాన్నా?"