నొప్పి మూట

"లోపలికి ఒక్కరే రావాలి," అంది నర్సు, డ్రెస్సింగ్ గది తలుపు సగం మూసి పట్టుకుని.

"నేనే వస్తాను. ఆవిడ ఇంట్లో ఉండగానే పిల్ల చెయ్యి కాలింది. ఇంకా ఆవిడకి ఇక్కడ పనేముంది?" అన్నాడు తండ్రి. మాట నర్సుతోనే అయినా గురి మాత్రం గోడకి ఆనుకుని నిలబడ్డ తల్లి మీద.

"పిల్ల భయపడుతుంది సిస్టర్. నన్ను పక్కన ఉండనివ్వండి," అంది తల్లి.

"వేడి టీ పిల్లకి అందేచోట పెట్టినప్పుడు ఏమైంది ఆ భయం? సోమవారం కోర్టులో చెబుదువుగాని. పిల్లని నీ దగ్గర్నుంచి లాక్కెళ్ళకపోతే నా పేరు మార్చుకుంటా!"

ఇద్దరూ విడిపోయారు. ఏడేళ్ళ పిల్ల ఎవరి దగ్గర పెరగాలో సోమవారం జడ్జి తేలుస్తాడు. చెయ్యి కాలింది పిల్లకి, చేతికి ఆయుధం దొరికింది తండ్రికి. తల్లి బయటే ఆగిపోయింది.

నర్సుకి ఒళ్ళు మండింది. చేతిలో ఉన్న పట్టకారుతో ముందు ఎవరి నాలుక పట్టి లాగాలో ఆమెకి బాగా తెలుసు. కానీ పిల్ల పని తొందరగా చూడాలి. నిన్న కట్టు విప్పబోతే పిల్ల పెట్టిన కేకలకి సగంలో ఆపేశారు. ఇవాళ కూడా పుండు శుభ్రం చెయ్యకపోతే చీము పడుతుందనీ, అప్పుడు మత్తిచ్చి ఆపరేషన్ గదికి తీసుకెళ్ళక తప్పదనీ డాక్టరు చెప్పి వెళ్ళాడు.

"చిట్టితల్లికి హిప్నాటిజం చేస్తాను. నొప్పి తెలీదు," అంది నర్సు.

తండ్రి కళ్ళు మెరిశాయి. "భలే! నిద్రపుచ్చి అడగండి, తప్పెవరిదో. అమ్మదే అంటుంది. అది కాస్త కాయితం మీద రాసివ్వండి."

"నేను పోలీసుని కాదండీ. ఆ స్టూలు మీద కూర్చోండి. మీ ఊపిరి తప్ప ఇంకేం వినిపించకూడదు."

పిల్ల మంచం మీద బిగుసుకుని ఉంది. నర్సు ఆమె చెవి దగ్గరకి వంగింది.

"పైన చిన్న మచ్చ ఉంది చూశావా? దాన్నే చూస్తూ ఉండు. రెప్పలు బరువెక్కుతున్నాయి. బడి సంచీ ఎంత బరువో, అంత బరువు. ఇక మొయ్యలేవు. మూసెయ్యి... ఇప్పుడెక్కడున్నావ్?"

"మా మెట్ల మీద."

"చేతిలో నొప్పి ఎలా ఉంది?"

"ఎర్రగా. దానికి ముళ్ళున్నాయి."

"గుడ్డలో వేసి మూట కట్టెయ్. ముడి గట్టిగా వెయ్యి. వేశావా? ఇప్పుడు ఆ మూట ఎవరి చేతికిస్తావ్?"

ఇది ఆమె పద్ధతి. ఎంతమందిని అడిగినా పిల్లలు దాదాపు అందరూ ఒకటే మాట అంటారు, అమ్మకి అని. ఆ మాట కోసమే ఇవాళ కాస్త గొంతు పెంచి అడిగింది. వినాలి ఈ పెద్దమనిషి, చెవులారా వినాలి, విని కుళ్ళుకోవాలి.

"నాన్నకి," అంది పిల్ల.

నర్సు ముఖం మాడిపోయింది. తండ్రి ఒక్క ఉదుటున లేచి దోసిలి పట్టాడు.

"ఇచ్చెయ్ నా బంగారం! ఎన్నున్నాయో అన్నీ ఇచ్చెయ్!"

చేసేదేముంది, నర్సు పని మొదలుపెట్టింది. పాత కట్టు సెలైన్‌తో తడిపి, నాని వదులయ్యాక మెల్లగా ఊడదీసింది. వేలిసందుల్లో చచ్చిన చర్మం పట్టకారుతో తీసింది. పిల్ల కనుబొమ్మలు ఒకసారి ముడిపడ్డాయి.

"ఇంకో మూట, నాన్నా."

"ఇటివ్వు తల్లీ."

"ఇది బాగా పెద్దది."

"పెద్దదే ఇవ్వు!"

మందు రాసి కొత్త కట్టు కట్టేసరికి ఏడు మూటలు చేతులు మారాయి. పిల్ల కంట ఒక్క చుక్క రాలలేదు. ఇంత తేలిగ్గా ఈ పని జరిగిన రోజు నర్సుకి గుర్తులేదు. అయినా ఆమెకి నోరంతా చేదుగానే ఉంది. తనే ఆ ప్రశ్న అడిగి, తనే ఆ తల్లి కొంప ముంచింది.

"ఐదు నుంచి వెనక్కి లెక్కపెడతాను. ఒకటి అనగానే కళ్ళు తెరువు," అంది నీరసంగా.

పిల్ల కళ్ళు తెరిచిందో లేదో, తండ్రి వెళ్ళి తలుపు బార్లా తీశాడు. బయట బెంచీల మీద పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వాళ్ళంతా తలెత్తారు. అతను జేబులోంచి ఫోన్ తీసి వీడియో నొక్కాడు.

"రా, లోపలికి రా! సొంత కూతురు నిన్ను ఎక్కడ పెట్టిందో విందువుగాని. సోమవారం జడ్జిగారు కూడా వింటారు."

తల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"చెప్పమ్మా, నలుగురూ వినేలా గట్టిగా చెప్పు," అన్నాడు తండ్రి, ఫోన్ పిల్ల ముఖం దగ్గర పెట్టి. "అమ్మ ఉండగా నీ నొప్పంతా నాకే ఎందుకిచ్చావ్?"

పిల్ల తల్లి వంక చూసింది. తర్వాత తిరిగి, సూటిగా ఫోన్‌లోకి చూస్తూ చెప్పింది.

"అమ్మ దగ్గర చోటు లేదు నాన్నా. నువ్విచ్చిన మూటలే ఇంకా మోస్తోంది."