అరవని మనిషికే హీల్

జట్టువాళ్లందరికీ నేను చెప్పి రాయిస్తున్న కార్డు ఇది. మన ఆన్‌లైన్ ఆటలో గాయాలు మాన్పే హీలర్‌ని నేనే. రేపు నన్ను తీసేస్తారట. కెప్టెన్ "హీల్, హీల్" అని గొంతు చించుకున్నా పట్టించుకోలేదని నా మీద నేరం. నిజమే, పట్టించుకోలేదు.

నాకు అక్షరం ముక్క రాదు. తెర మీద మీరు రాసుకునే తిట్లు నాకు అందవు. నేను చూసేది మీ తలల మీది ప్రాణం గీతలే. కెప్టెన్ గీత సగానికి పైనే ఉంది. వెనకాల నోరు మెదపకుండా దెబ్బలు కాచుకుంటున్న మనిషికి గోరంత మిగిలింది. నా పెద్ద మంత్రం నిమిషానికి ఒక్కసారే పనిచేస్తుంది. ఆ గోరంత గీతకే వేశాను. ఆ ఆటలో మనం కోట గెలిచింది ఆ మనిషి వల్లే.

"కొడుకునని కూడా చూడవా అమ్మా?" అన్నాడు కెప్టెన్ భోజనాల దగ్గర.

"చూశాన్రా. ఇల్లు పీకి పందిరేసేటంత ఓపికున్నవాడు చావడు" అన్నాను.

ఈ కార్డు రాస్తున్నది ఆ గోరంత గీత మనిషే, నా కోడలు. పదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఒంట్లో ఎలా ఉందని నేను అడిగింది లేదు, అది చెప్పింది లేదు. ఇంట్లో తల మీద గీత కనపడదు కదా.

ఈ ముక్క రాయనంటోంది. రాయవే అన్నాను.